పిల్లి మోయని పిల్లలు

మా నలుగురిలో ఒకతను "దేవుడు కాపాడాడు" అనే మాటను పడవ దగ్గర అననివ్వడు. దేవుణ్ణి తిట్టడు. గుడికి రానని భీష్మించడు. కార్తీక సోమవారాలు ఉపవాసం కూడా ఉంటాడు. ఆ ఒక్క మాట మాత్రం వినలేడు, విన్న వెంటనే సరిదిద్దుతాడు. "గాలి తగ్గిందనండి. పాటు అయిపోయి పోటు మొదలైందనండి. ఫైబరు బోటు వాడు తాడు విసిరాడనండి. జరిగింది జరిగినట్టు చెప్పండి మాస్టారూ" అంటాడు. నేను గుడివాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. జరిగింది జరిగినట్టు రాయమని రికార్డు పుస్తకాల మీద ఎర్రసిరా ఒలకబోసేది నేనే. అలాంటి నన్నే అతను దిద్దుతున్నాడంటే ఆ మాట నా నోటికి ఎంత అలవాటైపోయిందో చూడండి.

నాగాయలంక దగ్గర కృష్ణలో కొన్నేళ్లుగా పిల్లలకు కయాకింగ్ నేర్పుతున్నారు. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగినప్పుడు సముద్రం మీద కూడా కయాక్ పోటీలు పెట్టారు. మేం ఆ కోవ వాళ్లం కాదు. యాభై దాటి, షుగరు మాత్రలు జేబులో వేసుకుని, పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాకులతో చలికాలం ఆదివారాలు ఏటి పాయల్లో తిరిగేవాళ్లం. రేవులో వాళ్లు మావాటిని బొమ్మపడవలంటారు. మాలో ఒకాయనకు గుడివాడలో మందుల షాపు. ఆదివారం తెల్లవారుజాము ప్రార్థన చూసుకుని గానీ బయల్దేరడు. ఇంకొకాయనది బందరు, గిల్టు నగల వ్యాపారం. మనిషి మాట్లాడడు, గాలి ఎటు నుంచి వస్తోందో మాత్రం చెబుతూ ఉంటాడు. మూడో అతనే నేను మొదట చెప్పిన నాగాయలంక మిత్రుడు. తాతతండ్రులది చేపల వేట. తను రొయ్యల చెరువులకు మేత అమ్ముతాడు. నీళ్ల మీద ఉన్నంతసేపూ మా ముగ్గురికీ పెద్ద అతనే.

చలికాలమే ఎందుకంటే తుపాన్ల రోజులు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ఓర్చుకోగలం, మడ అడవుల్లోకి కొంగలూ బాతులూ వచ్చి ఉంటాయి. ఇవి ఇంట్లో వాళ్లకు చెప్పే కారణాలు. అసలు కారణం ఈశాన్యపు గాలి. ధనుర్మాసం నుంచి మాఘం దాకా ఆ గాలి మా తీరం వెంట ఒరుసుకుంటూ పోతుంది. దానికెదురు తెడ్డు వేయడంలో ఒక మత్తు ఉంది. దాన్ని భార్యలకు వివరించడం కష్టం.

ఆ గాలి పనితనం కాస్త చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చే వాదమంతా దాని మీదే నిలబడింది. రాత్రికి నేల తొందరగా చల్లారుతుంది, సముద్రం చల్లారదు. అందుకని తెల్లవారుజామున నేల మీంచి నీటి వైపు పలచని గాలి వీస్తుంది. ఒడ్డు పక్కన నీళ్లు కదలనే కదలవు. గాలికి అలను లేపడానికి ఇంకా దూరం దొరకలేదు మరి. ఆ నిమ్మళం చూసి లోపలికి పోయినవాడికి అర కిలోమీటరు దాటాక అల మొదలవుతుంది. అప్పుడు వెనక్కి తిరిగితే గాలి మొహానికి కొడుతుంది. పొద్దెక్కేకొద్దీ ఈశాన్యం అందుకుంటుంది. కయాక్‌కు ఒక జబ్బుంది. గాలి పక్క నుంచి తగిలితే వెనక భాగం జారి, ముక్కు గాలి వైపు తిరిగిపోతుంది. తిన్నగా పోవాలంటే ఒక పక్కే తెడ్డు వేస్తూ ఉండాలి. అరగంటకు ఆ భుజం మనది కాదు. ఇక మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పాటు వేళ నీరు బయటికి లాగుతూ ఉంటుంది, అల లోపలికి వస్తూ ఉంటుంది. రెండూ ఎదురుపడి అల పొట్టిదై, నిటారుగా లేస్తుంది. వేటకు పోయే వాళ్లు పాటు చూసుకుని గానీ మొగ దాటరు.

మా తీరం పడవలు ఈ అలను తట్టుకోవడానికే పుట్టాయి. ఓడలు దూరంగా లంగరేసే కాలంలో సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకు చేర్చింది కోరమాండల్ తీరపు మసూలా పడవలు. మేకు ఒక్కటీ లేకుండా, పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టి చేసేవాళ్లు. అల కొడితే పడవ ఒళ్లు విరగకుండా వంగేది. డచ్చివాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ, ఫ్రెంచివాళ్లూ బందరులో వ్యాపారం చేసింది ఆ కుట్టుపడవల్ని నమ్ముకునే. మా ప్లాస్టిక్ కయాకు వంగదు, తిరగబడుతుంది. తిరగబడినా మునగదు, అదొక్కటే దాని గొప్ప.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం ఏటిమొగ దగ్గర నీళ్లలో దిగాం. అటు ఎదురుమొండి దీవి, ఇటు మడ. మడ చెట్ల మధ్య పాయలో ఉన్నంతసేపూ గాలి తెలియదు. పైన ఆకులు కదులుతుంటాయి, కింద మన మొహానికి తగలదు. చెట్ల వరస అయిపోగానే ఒక్కసారి తెలుస్తుంది. బందరాయన "ఈశాన్యం, గట్టిగా" అన్నాడు. ఇంకో పది నిమిషాలకు "పెరిగింది" అన్నాడు. నాగాయలంక మిత్రుడు చేయెత్తి వెనక్కి తిరగమన్నాడు. తిరిగేటప్పుడే పడవకు పక్క తగులుతుంది. మందుల షాపు ఆయన పడవ తిరగబడింది. లైఫ్ జాకెట్ ఉంది, ఈత వచ్చు, పడవ చేతిలోనే ఉంది. ఎక్కుతున్నాడు, అల దించేస్తోంది. ఈలోగా పాటు అతన్నీ, అతనికి సాయంగా వెళ్లిన మమ్మల్నీ మొగ వైపు లాక్కుపోతోంది. ఒడ్డున తెల్లమడ చెట్టొకటి గుర్తు పెట్టుకున్నాను. తెడ్డు ఎంత వేసినా అది నా పక్కనుంచి ముందుకు పోతూ ఉంది, అంటే నేను వెనక్కి పోతున్నాను. వేటనుంచి తిరిగొస్తున్న ఫైబరు బోటొకటి మా దగ్గర ఇంజను తగ్గించింది. బోటులో కుర్రాడు తాడు విసిరాడు. అంతే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకరి కళ్లజోడు మాత్రం కృష్ణార్పణం.

గట్టున టీ తాగుతూ నేను ఆ మాట అన్నాను. మందుల షాపు ఆయన "స్తోత్రం" అన్నాడు. నాగాయలంక మిత్రుడు గ్లాసు కింద పెట్టి, "మా చెల్లెలు కూడా మంచి పిల్లే మాస్టారూ" అన్నాడు.

అతనిది సొర్లగొంది పక్కన ఊరు. 1977 నవంబరు 19, శనివారం. అప్పటికి అతనికి ఆరేళ్లు, చెల్లెలికి నాలుగు. అమావాస్యా కాదు, పున్నమీ కాదు. సముద్రం మామూలుగా పొంగే రోజే కాదది. తుపాను గాలి తీరం పక్కన లోతులేని నీటిని నేల మీదికి నెట్టుకొచ్చింది. ఐదు మీటర్ల ఎత్తున వచ్చింది నీరు. అతని నాయనమ్మ కార్తీకదీపం ఆరిపోతోందని మళ్లీ వెలిగించడానికి లోపలి గదిలోకి వెళ్లింది. తండ్రి కొడుకును ఎత్తి పూరికప్పు మీద పడేసి, కూతురి కోసం కిందికి దిగాడు. కప్పు ఇంటి మీంచి లేచి తేలింది. ఎంత దూరం పోయిందో అతనికి తెలియదు. తెల్లారేసరికి తుమ్మకంపలో చిక్కుకుని ఉంది. ఒంటి నిండా ముళ్లు. ఆ ముళ్ల మచ్చలు మోచేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. తండ్రి మూడో రోజు దొరికాడు, బతికే. మిగతా ఇద్దరూ దొరకలేదు. ఆ తుపానుకు మొత్తం మీద పోయినవాళ్లు అధికారిక లెక్కలో పదివేల దగ్గర. ఊళ్లో వాళ్లెవరూ ఆ లెక్కను ఒప్పుకోరు.

"నన్ను దేవుడు కాపాడాడని ఊరంతా అనేవాళ్లు. అప్పుడు చిన్నవాణ్ణి, గొప్పగా ఉండేది. పెద్దయ్యాక అర్థమైంది, ఆ మాట అన్నప్పుడల్లా మా నాన్న లేచి బయటికి పోయేవాడు."

ఇంతకీ ఇది నన్నెందుకు పట్టుకుందంటే, మా ఇంట్లో ఇదే గొడవ మరో రూపంలో నాలుగు తరాలుగా నడిచింది. మా తాతగారు వేణుగోపాలస్వామి గుడి అర్చకులు, తెంగలై సంప్రదాయం. ఆయన వియ్యంకుడు వడగలై. పెళ్లిళ్లలో ఆకుల ముందు కూర్చుని వీళ్లిద్దరూ చేసే వాదం మాకు సినిమా. భగవంతుడు జీవుణ్ణి ఎలా రక్షిస్తాడనేది ప్రశ్న. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకుంటుంది, తల్లి దూకుతుంది. జీవుడి వంతు ప్రయత్నం కొంత ఉండాలంటారు వడగలైలు. ఇది మర్కట కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. మనం చేయగలిగిందల్లా అడ్డు పడకపోవడమేనంటారు తెంగలైలు. ఇది మార్జాల కిశోర న్యాయం. అటు వేదాంత దేశికులు, ఇటు పిళ్లై లోకాచార్యులు, ఇద్దరూ 13, 14 శతాబ్దాల మహానుభావులు. వాళ్ల వెనక వచ్చినవాళ్లు ఈ రెండు జంతువుల మీద కొన్ని వందల ఏళ్లు పోట్లాడుకున్నారు. నుదుటి మీద నామం ముక్కు దాకా దిగాలా వద్దా అని కోర్టులకు కూడా ఎక్కారు, అది వేరే సంగతి.

ఆ రోజు టీ కొట్టు దగ్గర ఊరుకుని ఉండాల్సింది గానీ మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది. అతనికి ఈ రెండు న్యాయాలూ చెప్పాను. అవతల పాటు లాగేస్తుంటే మనం తెడ్డు వేయడం కోతిపిల్ల పని, తాడు రావడం తల్లిపిల్లి పని, రెండూ కలిస్తేనే ఒడ్డు అని ఒక సమన్వయం కూడా చేసేశాను. శ్రద్ధగా విన్నాడు. విని, "పిల్లి ఒక్కోసారి ఒక్కదాన్నే కదా మాస్టారూ మోస్తుంది. మిగతా పిల్లల సంగతేంటి?" అన్నాడు.

నాకు తెలిసినంతలో ఆ ఏడు వందల ఏళ్ల వాదంలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే మా తాతగారు ఏమనేవారో ఊహించగలను. ఇక్కడ రక్షణ అంటే నీళ్లలోంచి తీయడం కాదురా, సంసారంలోంచి తీయడం అనేవారు. నిజమే. ప్రపత్తి, అంటే శరణాగతి, గురించిన శాస్త్రం మొగ దాటడం కోసం రాసింది కాదు. లారీ గుద్దకుండా తప్పిపోవడానికీ, ఇంటర్వ్యూలో ఉద్యోగం రావడానికీ దాన్ని వాడుకున్నది మనమే. మోక్షానికి సంబంధించిన మాటను తెచ్చి ప్రమాదాలకు అతికించాం. అతికించాక ఆ మాటకు ఒక కొత్త గుణం వచ్చింది. మోక్షం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందనుకోవచ్చు, ఎవరి వంతు వాళ్లకు ఉంటుంది. ప్రమాదంలో అలా కాదు. ఒక రాత్రి, ఒక కప్పు, ఇద్దరు పిల్లలు. అక్కడ "నన్ను కాపాడాడు" అంటే "ఆమెను వదిలేశాడు" అనే రెండో సగం నోటితో అనకపోయినా అందులోనే ఉంది.

గజేంద్రమోక్షం చిన్నప్పుడు మా అమ్మ కంఠతా పట్టించింది. దాన్ని ఈ వయసులో మళ్లీ చదివితే రెండు సంగతులు కొత్తగా కనబడ్డాయి. ఏనుగు వెయ్యేళ్లు పెనుగులాడి, ఒంట్లో సత్తువ అయిపోయాక పిలిచింది. పిలుస్తూ కూడా అసలాయన ఉన్నాడో లేడో అని అనుమానపడింది. పోతన ఆ అనుమానాన్ని దాచలేదు. రెండోది, మొసలికి కూడా విడుదల దొరికింది. శాపం తీరి హూహూ అనే గంధర్వుడై నమస్కరించి వెళ్లిపోయింది. కథ చెప్పినవాడికి ఆ లెక్క పట్టింపు ఉంది, ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి నీళ్లలో వదిలేయలేదు. అందుకే అది కథగా నిలబడింది. సొర్లగొంది పక్కన ఊళ్లో ఆ రాత్రి జరిగినదానికి అలాంటి ముగింపు ఎవరూ రాయలేరు. రాయబోతే నేను ఆ పుస్తకం చదవను.

రాయడానికి ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. పాపం పండింది కాబట్టే ఉప్పెన వచ్చిందన్న పెద్దమనుషులు మా చిన్నప్పుడు గుడివాడ అరుగుల మీద ఉండేవాళ్లు. వాళ్ల సొంత ఊరికి నీళ్లు రాలేదు మరి. మహాత్ములు కూడా ఆ మాట నుంచి తప్పించుకోలేదు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు, అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీజీ. రవీంద్రనాథ్ టాగోర్ నొచ్చుకుని, ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతి కారణాలే ఉంటాయి, నీతికీ వాటికీ ముడిపెట్టొద్దని రాశారు. గాంధీజీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, పక్కన తన జవాబూ వేశారు. వాదానికి అంత మర్యాద ఉండేదన్న మాట. నేను గాంధీ ఫొటో ఉన్న ఇంట్లో పెరిగాను. అయినా ఈ ఒక్క చోట టాగోర్ పక్షమే.

ఇలాంటి లెక్క ఎక్కడ విరిగిపోతుందో తేదీలు చూస్తే తెలుస్తుంది. 1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ. లిస్బన్ చర్చీలు నిండి ఉన్న పూట భూకంపం, వెనకే సముద్రం. అంతా మంచికేనన్న తత్వాన్ని ఖండిస్తూ వోల్టేర్ పద్యం రాసింది ఆ దెబ్బకే. 1864 నవంబరు 1 రాత్రి బందరులో ఉప్పెన. దాదాపు 30 వేల మంది పోయారు. అక్కడ వోల్టేర్ లేడు. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. మంగినపూడిలో సునామీకి పోయినవాళ్లలో పున్నమి స్నానానికి వచ్చిన భక్తులున్నారు. దణ్ణం పెట్టుకుని నీళ్లలో మునిగినవాళ్లు. వాళ్లనెవరు దండించారంటారు, ఎందుకంటారు?

మందుల షాపు ఆయన ఇక్కడ నాకొక సాయం చేశాడు. లూకా సువార్తలో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన ప్రస్తావన ఉందట. వాళ్లు ఊళ్లో మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అంటాడట యేసు. "మరి నువ్వు మొన్న స్తోత్రం అన్నావు కదయ్యా" అంటే, నవ్వి, "అలవాటండీ" అన్నాడు.

1990 మే 9న దాదాపు 1977 నాటి జోరుతోనే తుపాను మా తీరాన్నే తాకింది. పోయినవాళ్లు వెయ్యి లోపు. అదీ ఎక్కువే, కానీ పదివేలు కాదు. మధ్యలో దేవుడు మారలేదు. బందరులో వాతావరణ శాఖ రాడారు వచ్చింది, ఊరూరా తుపాను షెల్టర్లు లేచాయి, పోలీసులు బతిమాలి, బెదిరించి జనాన్ని ముందే లారీలెక్కించారు. 1977లో శవాల మధ్యకు వచ్చి పనిచేసినవాళ్లలోనూ అన్ని రకాలూ ఉన్నారు. రామకృష్ణ మిషన్ వాళ్లు ఇళ్లు కట్టారు. చర్చి సంస్థలు వచ్చాయి. బందరు హిందూ కాలేజీలో పనిచేస్తూ నాస్తికత వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం వాళ్లూ వచ్చారు. మా గుడివాడ తాలూకా వాళ్లే, సినిమా హీరోలు ఎన్టీ రామారావూ అక్కినేని నాగేశ్వరరావూ జోలె పట్టి ఊళ్లు తిరిగారు. గంజి పోసినవాడు ఏ దేవుడి పేరుతో పోశాడో తాగినవాడు అడగలేదు.

ఇక్కడిదాకా వచ్చినవాడు నాస్తికుడైపోవాలి. నేను కాలేదు, అతనూ కాలేదు. పడవ దించే ముందు అతను ప్రతిసారీ నీళ్ల అంచున కొబ్బరికాయ కొడతాడు, గంగమ్మకు పసుపు కుంకం వేస్తాడు. ఒకసారి అడిగాను, కాపాడదని తెలిసీ ఎందుకయ్యా కాయ అని. కాపాడమని కొట్టనన్నాడు. "మనం ఒకరింట్లోకి పోతున్నాం. చెప్పి పోవద్దా? మా నాన్న కూడా అంతే. ఉప్పెన తర్వాత గుడి మెట్లెక్కలేదు గానీ గంగమ్మకు చెప్పకుండా పడవ దించలేదు." కూతుర్ని తీసుకున్న నీటికి ఆ తండ్రి చనిపోయేదాకా చెప్పి వెళ్లాడు. అందులో మొక్కు లేదు, బేరం లేదు, క్షమించడం కూడా ఉందని నేననుకోను. ఆ నీరు తనకంటే పెద్దదని ఒప్పుకోవడం ఉంది. ఆ ఒప్పుకోలు నుంచే అతనికి పాటు చూసుకునే అలవాటూ, మొన్న గాలి ముదరక ముందే చేయెత్తి వెనక్కి తిరగమనే తెలివీ వచ్చాయని నా అనుమానం. నేను చదివిన ప్రపత్తికి ఇది చాలా దగ్గర. రక్షిస్తాడనే షరతు ఒక్కటీ తీసేస్తే.

షరతు తీసేశాక మిగిలింది భక్తేనా అని మా తాతగారు తప్పకుండా అడుగుతారు. అవుననే నా జవాబు. దానికి ఆధారం హంసలదీవి దగ్గరే ఉంది. పాపులందరూ మునిగి మునిగి గంగ మైలపడిపోయిందట. కాకి రూపంలో తీర్థాలన్నీ తిరగమన్నాడట విష్ణువు. ఎక్కడ మునిగితే హంస అవుతుందో అదే తనను కడిగే చోటు. కృష్ణ సముద్రంలో కలిసే ఇక్కడ మునిగాక కాకి హంసైందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి వేలమంది ఇక్కడ స్నానాలు చేస్తారు, వేణుగోపాలస్వామి కల్యాణం చూస్తారు, కథ వింటారు. విన్నవాళ్లలో ఎంతమంది ఆగి ఆలోచిస్తారో తెలియదు గానీ, ఈ కథలో దేవత మనల్ని ఒడ్డుకు చేర్చడానికి రాలేదు. తనే అలిసిపోయి, నల్లబడిపోయి, ఆసరా వెతుక్కుంటూ వచ్చింది. మా మొగ దగ్గర పుట్టిన కథలో సర్వశక్తిమంతురాలు లేదు. ఉప్పెనలు చూసిన తీరం ఇంతకంటే వేరే కథ ఎలా చెప్పుకుంటుంది అనిపిస్తుంది నాకు. ఆమెకు నమస్కారం పెట్టడానికి ఆమె నన్ను ప్రత్యేకంగా మోయాల్సిన పనిలేదు.

ఇలా అన్నీ సర్దుకున్నానని సంబరపడుతుండగా మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. ఆ ఆదివారం నేను తడిబట్టలతో ఇల్లు చేరి, జరిగింది జరిగినట్టు చెప్పాను, గాలి, పాటు, తాడు, బోటు. ఆమె లోపలికి వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను పైన రాసినదాంట్లో చాలావరకు అప్పుడే ఒక ఉపన్యాసంగా ఇచ్చాను. మొత్తం విన్నది. "సరేనండీ. మీరు తిరిగొచ్చారు. నాకిక్కడ ఏదో బరువు దిగింది. అది ఎవరికి చెప్పుకోను? ఆ బోటు కుర్రాడి పేరు కూడా మీరు అడిగి రాలేదు. గాలికి చెప్పనా, పాటుకు చెప్పనా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. కృతజ్ఞతకు ఒక చిరునామా కావాలి, అది మనిషి తయారైన తీరు. నేను దేవుడి పక్షపాతం గురించి మాట్లాడుతున్నాను, ఆమె తన గుండెలోది ఎక్కడ దించుకోవాలో అడుగుతోంది. రెండూ ఒకే మాటతో చెప్పుకునే అలవాటు మనది కాబట్టే చిక్కు వచ్చింది. మర్నాడు నాగాయలంక మిత్రుడికి ఫోన్ చేసి ఆమె ప్రశ్న చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మగారిని చెప్పుకోమనండి మాస్టారూ, తప్పేముంది. మా ఊళ్లో మాత్రం పైకి చెప్పొద్దనండి" అన్నాడు.

నాకు నచ్చింది. లోపల అనుకునే కృతజ్ఞత ఎవరినీ గాయపరచదు, పదిమందిలో సాక్ష్యంగా చెప్పినప్పుడే పక్కనున్న తండ్రి లేచి బయటికి పోతాడు. ఆ గీత సరైన చోట గీశాడనిపించి, ఆ మాట అలాగే తెచ్చి మా ఆవిడకు అప్పజెప్పాను. ఆమె పుట్టిల్లు బందరు. 1864 నీళ్లు ఎంతదాకా వచ్చాయో వాళ్ల ముత్తవ్వ చెబుతుండేదట.

"ఆయన చెప్పింది బాగానే ఉంది గానీ, ఈ సీమలో నీళ్లు రాని ఊరేదండీ, నేను వెళ్లి పైకి చెప్పుకోడానికి?" అంది.

ఈ ముక్క అతనికి ఇంకా చేరవేయలేదు. వచ్చే మాఘ పౌర్ణమికి ఆమె హంసలదీవి స్నానానికి వస్తానంటోంది. వాళ్లిద్దరూ అక్కడే తేల్చుకుంటారు.